రక్తదాతల పరీక్షల్లో పిడుదులకు, నల్లులకు వేర్వేరు లెక్కలు

నల్లులు (మంచాల్లో ఉండే నల్లులు కావు, మైట్స్ అనే అతి చిన్న పురుగులు), పిడుదుల ద్వారా సోకే జబ్బులకు కూడా రక్తదాతలను పరీక్షించాలన్న వ్యాసకర్త వాదనతో ఏకీభవిస్తున్నాను. అయితే అన్నింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

పిడుదు కాటుతో వచ్చే బెబీసియా అనే పరాన్నజీవి ఎర్ర రక్తకణాల లోపలే ఉంటుంది, ఫ్రిజ్‌లో నిల్వ చేసిన రక్తంలోనూ బతుకుతుంది, పైగా దాతకు నెలల తరబడి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. ప్రశ్నలు అడిగి దాన్ని పట్టుకోలేం కనుకనే, ఆ వ్యాధి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో దాతల రక్తంలో ఆ పరాన్నజీవి జన్యుపదార్థం ఉందేమో పరీక్షించాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) 2019లో సిఫారసు చేసింది.

చిగ్గర్లు అనే నల్లి పిల్లలు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ అనే బ్యాక్టీరియా జ్వరం సంగతి వేరు. జ్వరం బయటపడటానికి 6 నుంచి 21 రోజులు పట్టవచ్చు. ఆ వ్యవధిలో దాత ఆరోగ్యంగానే కనిపిస్తాడు. యాంటీబాడీలు ఆలస్యంగా పుట్టి, కోలుకున్నాక కూడా చాలాకాలం నిలుస్తాయి కాబట్టి యాంటీబాడీల పరీక్ష దాతల వడపోతకు పనికిరాదు. కుట్టినచోట ఏర్పడే నల్లటి పెచ్చు నొప్పి పెట్టదు, చంకలోనో గజ్జల్లోనో నడుము పట్టీ కిందో దాగి ఉంటుంది. దాతకే తెలియని దాన్ని శిబిరంలో ఎవరు చూస్తారు? ఈ బ్యాక్టీరియా తెల్ల రక్తకణాల్లో కూడా ఉంటుంది గనుక, వాటిని తొలగించే ఫిల్టర్ ముప్పును కొంతైనా తగ్గించగలదని నా నమ్మకం.

వ్యాసం ప్రస్తావించని మరో ముఖ్యమైన విషయం ఉంది. రక్తమిచ్చిన తర్వాత మూడు వారాల్లోపు జ్వరం వస్తే వెంటనే తెలియజేయాలని ప్రతి దాతకూ రాతపూర్వకంగా చెప్పాలి. కొద్దిరోజులే నిల్వ ఉండే ప్లేట్‌లెట్లు అప్పటికే ఎవరికో ఎక్కించి ఉంటారు. ఆ కబురు సకాలంలో అందితే రోగికి వైద్యుడు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందును ఆలస్యం లేకుండా మొదలుపెట్టగలడు.