పెళ్ళి గౌనులో తొండ

మనవాళ్ళ పార్టీల్లో ఎవరైనా నలభై దాటాక ఫీల్డ్ మారతానంటే చాలు, ‘ఈ వయసులో ఎందుకండీ టెన్షన్’ అనేస్తాం. నేనూ అన్నవాణ్ణే. జపాన్ డిజైనర్ ఎయికో ఇషియోకా గురించి చదివాక ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.

ఆమె 1938లో టోక్యోలో పుట్టారు. తండ్రి కూడా గ్రాఫిక్ డిజైనరే. 1961లో షిసేడో అనే సౌందర్య సాధనాల కంపెనీ ప్రకటనల విభాగంలో చేరేటప్పుడు, టీలు అందించే పని చేయననీ, మగవాళ్ళతో సమానంగా జీతం కావాలనీ ఇంటర్వ్యూలోనే చెప్పేశారట. నాలుగేళ్ళకల్లా ప్రకటనల కళాకారుల పోటీలో అగ్ర బహుమతి. ఒక మహిళకు అది రావడం అదే మొదలు. ఆ తర్వాత పార్కో షాపింగ్ మాల్‌కి చేసిన ఒక ప్రకటనలో హాలీవుడ్ తార ఫే డనవే నల్లబట్టల్లో కూర్చుని, ఉడికించిన గుడ్డు ఒలుచుకుని తింటుంది. అంతే! అమ్మే సరుకు ఒక్కటీ కనబడదు.

ఇంత పేరు వచ్చాక ఎవరైనా అక్కడే స్థిరపడతారు. ఆమె మాత్రం నలభై దాటాక అమెరికా బాట పట్టారు. సినిమా సెట్లు వేశారు, జాజ్ సంగీతకారుడు మైల్స్ డేవిస్ ‘టూటూ’ ఆల్బమ్ కవర్‌కి గ్రామీ అందుకున్నారు.

ఇక 1992 నాటి ‘డ్రాక్యులా’. దుస్తులే సెట్లు కావాలన్నాడు దర్శకుడు కొప్పొలా. డ్రాక్యులా అనగానే అందరికీ గుర్తొచ్చే నల్ల కోటు జోలికి ఆమె పోలేదు. యుద్ధ కవచం ఎర్రగా, చర్మం ఒలిచేస్తే బయటపడే కండల్లా ఉంటుంది. ఆస్ట్రేలియాలో మెడ చుట్టూ చర్మాన్ని గొడుగులా విప్పే తొండ ఒకటుంది. దాన్ని చూసి, కథలో రక్తపిశాచిగా మారే లూసీ పెళ్ళి గౌనుకి కాలర్ కుట్టించారు. తెల్లటి లేసులో ఆ పిల్ల శవపేటికలోంచి లేస్తుంటే అందమా, భయమా తేల్చుకోలేం. ఆ దుస్తులకే 1993లో, 54 ఏళ్ళ వయసులో ఆస్కార్ వచ్చింది.

‘ఆవిడకు ముందే పేరుంది, మనకున్నవి ఈఎంఐలు’ అనొచ్చు. నిజమే. కానీ పేరున్నవాళ్ళకే మళ్ళీ మొదటి మెట్టు మీద నిలబడటం మరీ కష్టం అంటాను నేను. తెలియని పనిలో తప్పు చేస్తే నలుగురూ చూస్తారు కదా.

జలంధర్‌లో పుట్టిన దర్శకుడు తర్సేమ్ సింగ్‌తో నాలుగు సినిమాలు చేశారు. చివరిది ‘మిర్రర్ మిర్రర్’. 2012 జనవరిలో ఆమె కన్నుమూశారు, సినిమా మార్చిలో వచ్చింది. అందులో విందుకొచ్చిన స్నో వైట్ తలమీద ఈసారి తొండ కాదు, ఓ తెల్ల హంస.