కారణం అడగకండి, నమ్మండి

సోషల్ మీడియా కంపెనీల మీద జనానికి నమ్మకం పోయిందని కొందరు తెగ గోల పెడుతున్నారు. ఈ గోలలో పస లేదు. ఆధారం చూపిస్తే కలిగేది నమ్మకం కాదు, లెక్క సరిపోవడం. మన పోస్టు తీసేసి కారణం చెప్పకపోయినా, అడిగితే పలకకపోయినా మర్నాడు పొద్దున్నే మళ్లీ లాగిన్ అవుతున్నామంటే, అదీ నమ్మకం! దేవుడి తర్వాత ఆ స్థాయి భక్తిని సాధించింది ఈ కంపెనీలే.

పోస్టు తీసేసినప్పుడు వచ్చే ఆ నోటీసునే చూడండి. 'మీ పోస్టు మా కమ్యూనిటీ ప్రమాణాలకు విరుద్ధంగా ఉంది.' ఏ ప్రమాణం, ఏ వాక్యం, ఎవరి ఫిర్యాదు లాంటి చిల్లర వివరాలు ఉండవు. తప్పేమిటో చెబితే మీరు ఆ ఒక్కటే దిద్దుకుని ఊరుకుంటారు. చెప్పకపోతే ఇన్నేళ్లుగా రాసిందంతా తవ్వుకుని ఆత్మపరిశీలన చేసుకుంటారు. వ్యక్తిత్వ వికాసానికి ఇంతకు మించిన కోర్సు లేదు, పైగా ఉచితం. ఈ సూక్ష్మం యూరోపియన్ యూనియన్‌కు అంతుపట్టలేదు. పోస్టు తీసేస్తే కారణం చెప్పి తీరాలని డిజిటల్ సర్వీసెస్ యాక్ట్ తెచ్చింది. 2024 ఫిబ్రవరి నుంచి అది పూర్తిగా అమల్లోకి వచ్చింది. పాపం, అక్కడి యూజర్లకు ఆత్మపరిశీలన యోగం తగ్గిపోయింది.

పోస్టులను వాటంతటవే జల్లెడ పట్టే యంత్రాల, అంటే ఫిల్టర్ల, నిష్పాక్షికత గురించి ఎంత చెప్పినా తక్కువే. 2018లో టెక్సస్‌లోని ఒక చిన్న పత్రిక అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను విడతలవారీగా ఫేస్‌బుక్‌లో పెడుతూ వచ్చింది. ఒక విడత ద్వేషపూరిత ప్రసంగమని మాయమైంది. (ఆదివాసులను 'దయలేని అనాగరికులు' అన్న మాట ఆ ప్రకటనలో నిజంగానే ఉంది. రెండు శతాబ్దాల పండితులకంటే యంత్రమే శ్రద్ధగా చదివిందేమో!) తర్వాత కంపెనీ సారీ చెప్పి దాన్ని తిరిగి పెట్టింది. విలెన్‌డార్ఫ్ వీనస్ అనే రాతియుగపు బొమ్మ ఫొటోకూ నగ్నత్వం కింద అదే గతి పట్టింది, అదే సారీ దక్కింది. వేల ఏళ్లుగా బట్ట కట్టుకోకుండా తిరుగుతుంటే ఎవరో ఒకరు అడగాలి కదా!

ఇక మీ పేరుతో, మీ ఫొటోతో ఎవడో ఖాతా తెరిచి మీ స్నేహితులను డబ్బు అడుగుతున్నాడని రిపోర్ట్ కొట్టండి. 'పరిశీలించాం, ఉల్లంఘన ఏదీ కనిపించలేదు' అని జవాబొస్తుంది. దీనికి చిందులు తొక్కేవాళ్లు ఒక్క క్షణం కంపెనీ వైపు నుంచి ఆలోచించాలి. నకిలీగాడు బూతు రాయడు, రాజకీయం ఎత్తడు. అందరినీ కుశలం అడుగుతాడు. రోజూ క్రమం తప్పకుండా లాగిన్ అవుతాడు. అవసరమైతే ప్రకటనకు డబ్బు కూడా కడతాడు. మీరేం కట్టారు?

అప్పీలు బటన్ ఉంది. నొక్కితే 'జాగ్రత్తగా పునఃపరిశీలించాం' అని సెకన్లలో తిరస్కరణ వస్తుంది. కోర్టుల్లో తాతలు వేసిన కేసుకు మనవలు తీర్పు వింటున్న రోజుల్లో ఇంత వేగాన్ని తప్పుపట్టడం కృతఘ్నత.

అసలు చిక్కంతా మనుషులతోనే. రోజంతా హత్యలు, హింస చూసి చూసి మనసు దెబ్బతిందని అమెరికాలో మోడరేటర్లు (పోస్టులను పరిశీలించి తీసేసే మనుషులు) కోర్టుకెక్కితే, 2020లో ఫేస్‌బుక్ 5.2 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకోవాల్సి వచ్చింది. ఫిల్టర్ ఎప్పుడైనా నిద్ర పట్టడం లేదందా? చర్చావేదికల సైటు రెడిట్ ఇంకా తెలివైనది, మోడరేటర్లకు జీతమే ఇవ్వదు. 2023 జూన్‌లో ఏపీఐ (బయటి యాప్‌లు రెడిట్ సమాచారం వాడుకునే దారి) రేట్ల మీద కోపంతో వాళ్లు వేల కమ్యూనిటీలకు తాళం వేశారు. తెరవకపోతే మీ చోట వేరేవాళ్లను పెడతామని కంపెనీ హెచ్చరించింది. ఇవ్వని జీతం కోయలేరు మరి! ట్విట్టర్‌కు ఆ తంటా కూడా లేదు. 2022 డిసెంబర్‌లో ట్రస్ట్ అండ్ సేఫ్టీ కౌన్సిల్‌ను (నమ్మకం, భద్రతల మీద సలహాలిచ్చే బయటివాళ్ల బృందాన్ని), సమావేశం మొదలవబోతుండగా, ఒక్క ఈమెయిల్‌తో రద్దు చేసేసింది. నమ్మకం అంత గట్టిగా కుదిరాక దానికి మళ్లీ ఒక కౌన్సిల్ దేనికి?

ఇక మిగిలింది ఒక్క సంస్కరణే. పోస్టు పెట్టాక తీసేసే బదులు, పెట్టకముందే తీసేయాలి. అప్పీలును కూడా ముందే తిరస్కరించి ఇన్‌బాక్స్‌లో పడేస్తే ఇద్దరికీ టైమ్ కలిసొస్తుంది.