ఎలాగూ లోపలే ఉన్నావు కదా!

కిట్ కారు కట్టుకునేవాడు లాంగ్ డిస్టెన్స్ సైక్లింగ్ జోలికి పోకూడదని ఎక్కడా చట్టం లేదు. ఉండుంటే ఈపాటికి నా మెడ ఎడమవైపుకి కూడా తిరిగేది.

విషయం చిన్నదే. షెడ్డులో ఒక కారు ఉంది. కారంటే పెట్టెల్లో వచ్చిన కారు. ఇనప గొట్టాల చట్రం, ఫైబర్ గ్లాస్ ముక్కలు, వేరే కారులోంచి ఊడబీకిన ఇంజను, ఎంత బిగించినా ఇంకా మిగిలిపోయే నట్లు. దాన్ని తనిఖీకి తీసుకెళ్లాలి. రెండో పక్క 600 కిలోమీటర్ల బ్రెవె, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిలు సవారీ, తొక్కాలని కోరిక. దానికి ముందు 200, 300, 400 అని మెట్లు మెట్లుగా తొక్కుకుంటూ పోవాలి. బ్రెవెకి గడువుంటుంది: 200కి పదమూడున్నర గంటలు, 600కి 40 గంటలు. దారిలో ఆగాల్సిన చోటల్లా ఆగి కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. గడువు దాటితే ఎంత తొక్కినా లెక్కలోకి రాదు. కిట్ కారుకి మాత్రం గడువంటూ ఎవరూ పెట్టరు. అందుకే సెలవు రోజున తెల్లవారుజాము సైకిలుకి పోతుంది, సాయంత్రం మిగిలిన ప్రాణం కారుకి దక్కుతుంది.

మొన్న 200 పూర్తి చేసుకుని వచ్చేసరికి పొద్దు వాలింది. బ్రేక్ లైటు వెలగడం లేదని కిట్ అమ్మినాయనకి అంతకుముందే ఫోన్ చేశాను. "బ్రేక్ పెడల్ పైన స్విచ్ ఉంటుంది సార్. నట్టు కాస్త వదులు చేసి కొంచెం ముందుకి జరపండి. రెండు నిమిషాల పని" అన్నాడు.

రెండు నిమిషాల పని అనేవాళ్లందరినీ ఒక్కసారి ఆ పెడల్స్ దగ్గర తలకిందులుగా దించాలని నాకో కోరిక ఉంది.

ఇది లోటస్ సెవెన్ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు తరహాది. నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది, తలుపుల్లేవు. పెడల్స్ ఎంత దగ్గరదగ్గరగా ఉంటాయంటే, ఇలాంటివి నడిపేవాళ్లు వెతికి వెతికి సన్నటి బూట్లు కొనుక్కుంటారు. కాళ్లు పెట్టుకోవడానికే ఇరుకైన చోట నేను తల పెట్టాలి. స్టీరింగ్ ఊడదీశాను. సీట్లో వెల్లకిలా పడుకుని, తలని డాష్‌బోర్డు కిందకి జార్చి, నడుముని సీటులో వదిలేసి, కాళ్లని సీటు వీపు మీదుగా వెనక రోల్ బార్ దాకా, అంటే కారు బోల్తా పడితే తలని కాపాడే ఇనప గొట్టం దాకా, చాపాను. బూట్లు విప్పలేదు. విప్పాలంటే కూర్చోవాలి. 200 తొక్కి వచ్చినవాడు ఒకసారి కూర్చున్నాడంటే మర్నాటి దాకా లేవడు. ఆ సంగతి తొక్కినవాళ్లకి తెలుసు.

పైకి చూస్తే స్విచ్ కనిపించింది. దాని నట్టు కనిపించలేదు. చేత్తో తడిమి పట్టుకోవాలి. ఇక్కడొక సాంకేతిక సమస్య. గంటల తరబడి హ్యాండిల్ మీద బరువు వేసి తొక్కితే అరచేతి అంచున నరం నలిగి చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారిపోతాయి. సైక్లింగ్ పుస్తకాలన్నీ ఇది మామూలేనని ధైర్యం చెబుతాయి. ఆ రెండు వేళ్లతో డాష్‌బోర్డు కింద చీకట్లో నట్టు తడమాల్సి వస్తుందని మాత్రం ఏ పుస్తకమూ ఊహించలేదు. నేను పట్టుకున్నది నట్టో, వైరు క్లిప్పో, నా వేలో నాకే తెలియలేదు. పానా పెట్టి తిప్పితే గాని తేలలేదు, వేలేనని.

రెండోసారికి నట్టు దొరికింది. సరిగ్గా అప్పుడే కుడి తొడ వెనక కండరం పట్టేసింది.

అలసిన కండరం వంగి ఉన్న స్థితిలో ఉంటే ఇలా బిగుసుకుంటుంది. మందు ఒక్కటే, కాలు సాగదీయడం. సాగదీశాను. సాగదీశాను అనడం మర్యాద కోసం, అసలు జరిగింది గాల్లోకి తన్నడం. ఆ తన్నుకి బూటు వెళ్లి రోల్ బార్ దగ్గర వేలాడుతున్న హార్నెస్ బెల్టులో దూరింది. బూటు కింద క్లీట్ ఉంటుంది కదా, పెడల్‌కి అతుక్కునే ముక్క, అది బెల్టు బిగించే ఇనప బకిల్‌లో పడి టక్కుమంది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. రైడ్ మొదలెట్టేటప్పుడు వినిపించే చప్పుడే.

ఈ ఏర్పాటు గొప్పతనం మీకు అర్థం కావాలి. క్లీట్ పని కాలుని వదలకపోవడం. హార్నెస్ పని మనిషిని వదలకపోవడం. వదలకూడదని రెండు వేర్వేరు పరిశ్రమలు ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి సాధించిన రెండు ఫలితాలు నా షెడ్డులో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. క్లీట్ వదలాలంటే మడమని బయటికి తిప్పాలి. తిప్పితే బెల్టు కూడా దాంతోపాటే తిరుగుతోంది. తిప్పేకొద్దీ మెలిక పడి ఇంకా బిగుస్తోంది. తొడ కండరం సంగతి నేను మళ్లీ చెప్పక్కర్లేదు.

అలా వేలాడుతూ కోలిన్ చాప్‌మన్‌ని తలుచుకున్నాను. 1957లో లోటస్ సెవెన్ తెచ్చిన పెద్దమనిషి. అప్పట్లో బ్రిటన్‌లో తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను కట్టాలి, విడి భాగాలుగా కొంటే అక్కర్లేదు. కాకపోతే బిగించే పద్ధతి కాగితం మీద రాసివ్వకూడదు. అందుకని ఆయన విప్పే పద్ధతి రాసిచ్చాడని చెబుతారు, వెనక నుంచి చదువుకుంటే కారు తయారవుతుందన్నమాట. ఆ పన్ను 1973లో పోయింది. మా కిట్ అమ్మినాయనకి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. ఆయనిచ్చిన మాన్యువల్ ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే, స్విచ్ గురించి ఒక్క ముక్క ఉండదు. "తగిన విధంగా అమర్చుకోవాలి" అని ఉంటుంది. తగిన విధం ఏమిటో ఆ క్షణాన నాకంటే ఎక్కువ తెలిసినవాడు భూమ్మీద ఉండడు.

ఈలోగా చేతి వాచీ కూయడం మొదలెట్టింది.

కాలు పట్టేసినప్పుడు చెయ్యి ఎగిరి గేర్ పక్కన రేకుకి తగిలింది. పెద్ద కుదుపు, ఆ తర్వాత కదలిక లేదు, గుండె మాత్రం దడదడలాడుతోంది. మూడూ కలిపి వాచీ ఒక నిర్ణయానికొచ్చింది: వీడు సైకిలు మీంచి పడ్డాడు. అదేం కాదని చెప్పడానికి కొన్ని సెకన్లు ఇస్తుంది. బటన్ నొక్కాలి. వాచీ ఉన్న చెయ్యి క్లచ్ పెడల్ వెనక ఇరుక్కుంది. రెండో చెయ్యి నా వీపు కింద ఉంది. రోజూ నాలుగు గంటలు నిద్రపోయినా, జ్వరంతో పడుకున్నా "శిక్షణ ఫలితం లేకుండా సాగుతోంది" అని నన్ను నిలదీసే ఆ వాచీ, జీవితంలో మొదటిసారి నా మీద జాలిపడి, నేను రాసిచ్చిన నంబర్లన్నిటికీ మెసేజ్ పంపేసింది. ప్రమాదం జరిగిందట, ఫలానా చోటట. ఫలానా చోటు మా ఇల్లే.

మా ఆవిడ లోపల ఉంది. మెసేజ్ చూసింది. గుంతలో సైకిలు దిగినప్పుడల్లా ఆ వాచీ ఇలాగే కంగారుపెడుతుంది గనక, ఫోన్ పక్కన పెట్టి తన పని చూసుకుంది. నాతో తొక్కే మిత్రుడు మాత్రం అలా కాదు. బాధ్యత గలవాడు. గ్రూపులో పెట్టాడు.

ముందు సైకిలు జనం వచ్చారు. ఆ వెనకే, ఇలాంటి కారే కట్టుకుంటున్న మా వీధి మాస్టారు. చుట్టూ నిలబడి, బావిలో పడ్డ దూడని చూసినట్టు లోపలికి తొంగిచూశారు.

"అన్నా, బాగానే ఉన్నావా?"

"కాలు."

"క్లీట్ మరీ ముందుకి పెట్టావన్నా. చూడు, ఇంకో రెండు మిల్లీమీటర్లు వెనక్కి ఉండాలి. అందుకే పట్టేస్తోంది" అన్నాడొకడు. ఇంకొకడు సీటు ఎత్తు తక్కువైందన్నాడు. ఏ సీటు అని అడగాలనిపించింది. ఉప్పు తగ్గిందని ఒకడు, ఉప్పుకీ దీనికీ సంబంధం లేదు, అలసటే కారణమని మరొకడు. ఫ్రాన్స్‌లో జరిగే 1200 కిలోమీటర్ల బ్రెవె పారిస్-బ్రెస్ట్-పారిస్‌లో 90 గంటలు తొక్కేవాళ్లు ఏం తింటారన్న చర్చ నా అరికాలు సాక్షిగా మొదలైంది.

మాస్టారు ఇవేవీ పట్టించుకోలేదు. టార్చి వేసి పెడల్స్ వైపు చూశారు.

"ఆ బ్రేక్ పైపు అలా వదిలేశావేంటయ్యా? క్లిప్పు వెయ్యలేదు. తనిఖీలో తిప్పి పంపుతారు."

"మాస్టారూ, కాలు..."

"అదొస్తుందిలే. ఎలాగూ లోపలే ఉన్నావు కదా, నీ కుడి చెవి పక్కన ఒక నట్టుంది, అది కూడా ఓ చుట్టు బిగించెయ్. మళ్లీ మళ్లీ దూరలేవు."

బిగించాను. ఏం చెయ్యను మరి, నిజంగానే మళ్లీ దూరలేను.

తర్వాత బెల్టు కోసేద్దామని ఒకడన్నాడు. బెల్టు మీద చిన్న గాటు ఉన్నా పనికిరాదు, కొత్తది కొనాలి అని మాస్టారు అడ్డం పడ్డారు. అయితే క్లీట్ బోల్టులు విప్పుదామన్నారు. దానికి కావలసిన అలెన్ కీ నా జెర్సీ వెనక జేబులో ఉంది. జేబు నా కింద ఉంది. కార్బన్ హ్యాండిల్ బోల్టుని 5 న్యూటన్ మీటర్లకి మించి బిగించకూడదని గంటసేపు ఉపన్యాసమిచ్చే ఇంజనీర్లు, కారు చక్రం నట్టు చప్పుడుని బట్టి బిగువు చెప్పగల మాస్టారు, అందరూ కలిసి నా పాదం చుట్టూ ఆలోచిస్తూ నిలబడ్డారు.

ఇంత గోల ఏమిటని మా ఆవిడ బయటికొచ్చింది. చూసింది. బూటు పట్టీ లాగింది. కాలు బూట్లోంచి జారి బయటికొచ్చింది. ఎవరితోనూ ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది.

నన్ను బయటికి లాగిన తీరు ఇక్కడ రాయను. ఎవడో వీడియో తీశాడు, కావలసినవాళ్లు అందులో చూసుకోవచ్చు.

పొద్దున కిట్ అమ్మినాయనకి ఫోన్ చేశాను. లైటు వెలుగుతోంది, కాకపోతే బ్రేకు నొక్కినా నొక్కకపోయినా వెలుగుతోంది అని చెప్పాను.

"అయితే ఎక్కువ జరిపారు సార్. కొంచెం వెనక్కి జరపండి."

"మళ్లీ లోపలికి దూరాలా?"

"సీటు ఉంటే కష్టం కదా సార్. సీటు బిగించక ముందే ఆ స్విచ్ సరిచేసుకోవాలి. మాన్యువల్‌లో లేదా?"

"లేదు."

"వచ్చే ప్రింటులో వేయిస్తాం సార్. ఇప్పటికి సీటు విప్పండి. నాలుగే బోల్టులు, కారు కింద నుంచి విప్పాలి. రెండు నిమిషాల పని."