మూడు క్యూలు, ఒక డాలరు

కందుకూరు కుర్రాడొకడు సెలవుల్లో ఓ వెబ్ టూల్ తయారు చేశాడు. తెలుగు వికీపీడియాలో ఫోటో లేని ఊళ్లేవో అది పట్టిస్తుంది. ఉదయగిరి కోట దగ్గర నిలబడి ఫోన్ తెరిస్తే చుట్టుపక్కల ఫోటోకి నోచుకోని ఊళ్ల జాబితా వస్తుంది. జీతం లేదు, భత్యం లేదు. 2022లో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు మారి, తర్వాత మళ్లీ ప్రకాశానికే వచ్చింది కాబట్టి, తన ఊరు ఏ జిల్లా కింద వెయ్యాలో వాడికే కాసేపు తికమక.

ఇంగ్లీషులో ఉన్న ఆ టూల్‌ని ఎవరి భాషలోకి వాళ్లు మార్చుకోవాలని, కోడ్‌లోని మాటలన్నీ ఏరి ఒక ఫైల్లో పేర్చి ట్రాన్స్‌లేట్‌వికీ అనే అనువాదాల సైట్లో పెట్టాడు. కోడ్ రాని వాళ్లు కూడా అక్కడ అనువాదం చేయొచ్చు. ఇంకేం, కావలిలో మా రిటైర్డ్ తెలుగు మాస్టారు చొక్కా చేతులు మడిచారు.

మొదటి వాక్యంలోనే డాలరు గుర్తు, పక్కన ఒకటి. కాస్త ఎడంగా ఇంకో డాలరు గుర్తు, పక్కన రెండు. నిజానికి ఆ చోట్లలో మనిషి పేరు, ఫోటోల లెక్క వచ్చి కూర్చోవాలి. ఆ ముక్క అనువాదకులకు చెప్పడానికే క్యూక్యూక్యూ అని వేరే ఫైలు ఉంటుంది. మూడు క్యూలున్నా ఒక్కదాంట్లోనూ మనిషి లేడు: మనవాడు దాన్ని ఖాళీగా వదిలేశాడు. మాస్టారు ఖాళీలు పూరించే రకం.

కొత్త తెలుగు తెర ఇలా పలికింది: "ఒక డాలరు గారూ, మీరు రెండు డాలర్ల ఫోటోలు చేర్చారు. ధన్యవాదాలు."

ఒంగోలు నుంచి ఫోన్. "ఏందబ్బాయా, ఫోటోలకి డబ్బులిస్తన్నారంట? కంభం చెరువుయి శానా ఉండాయి నా దగ్గర. కట్టమీద నుంచి తీసినయ్యి, అలుగు దగ్గర తీసినయ్యి, రెంటికీ ఒకటే రేటా?"

తర్వాత కనిగిరి. "నన్నూ ఒక డాలరు గారే అంటంది, మా తమ్ముణ్ణీ ఒక డాలరు గారే అంటంది. పెద్దోణ్ణి, నాకు అర డాలరన్నా ఎక్కువుండొద్దా?"

కుర్రాడు బస్సెక్కి కావలి పోయాడు. మాస్టారు తొణకలేదు. "రూపాయల్లోకే మారుద్దామనుకున్నానయ్యా. రేటు రోజూ మారతా ఉంటదని ఆగా."

నన్నడిగితే తప్పు ఆయనది కాదు. చీటీ లేకుండా మందు పంపినవాణ్ణి వదిలేసి మింగినవాణ్ణి తిడతామా? మనవాడు కూర్చుని ప్రతి మాటకీ వివరణ రాశాడు, ముక్కలుగా విరగ్గొట్టిన వాక్యాలు అతికాడు, ఏకవచన బహువచనాలు సరిచేశాడు. తెలుగుకి రెండు రూపాలతో సరిపోయింది గానీ, అరబ్బీకి ఆరు కావాలని తెలిసి కాసేపు గోడకేసి చూశాడట.

మాస్టారికి కబురు పెట్టారు, ఇప్పుడు చూడమని. చూశారు.

"వివరణలన్నీ ఇంగ్లీషులో రాశాడేంది వీడు?" అంటూ సాయంత్రానికల్లా సగం తెలుగు చేసి పంపారు.