దవడ పన్ను దర్జా

హైదరాబాదులో మనిషి స్థాయిని ఇంతకాలం కారును బట్టి, ఫ్లాటు ఎన్నో అంతస్తులో ఉందన్నదాన్ని బట్టి లెక్కగడుతూ వచ్చాం. ఈ పద్ధతిలో పెద్ద లోపం ఉంది. కారు అప్పుది కావచ్చు, ఫ్లాటు అద్దెది కావచ్చు. రూట్ కెనాల్ అయిన పంటికి తొడిగే క్యాపు మాత్రం అద్దెకు దొరకదు. కాబట్టి ఇకపై పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం అడగడం మాని, అతని కింది దవడను పరిశీలించాలని పెద్దలకు సవినయంగా మనవి చేస్తున్నాను.

పరిశీలకుల సౌకర్యార్థం కొన్ని ప్రాథమిక విషయాలు. అట్టడుగున మెటల్ క్యాపు. సాధారణంగా నికెల్, క్రోమియం మిశ్రమం. రెండు మూడు వేలలో పని అయిపోతుంది. పలచగా ఉన్నా గట్టిది కనుక పంటిని ఎక్కువగా అరగదీయక్కర్లేదు, ఏళ్ల తరబడి మొరాయించదు. నికెల్ పడని కొద్దిమంది సంగతి వదిలేస్తే, ఇది చేసిన నేరమల్లా తెల్లగా లేకపోవడమే. ఆ పైమెట్టు లోహం మీద పింగాణీ వేసిన క్యాపు. అచ్చమైన మధ్యతరగతి. పైకి తెలుపు, లోపల లోహం. వయసు మీరి చిగురు కాస్త తగ్గగానే అంచున నల్లని గీత తేలి ఇంటిగుట్టు బయటపెట్టేస్తుంది.

ఇక జిర్కోనియా, అంటే లోపల లోహం లేని గట్టి తెల్లని పింగాణీ. సుద్దలా మెత్తగా ఉండే దిమ్మెను కంప్యూటర్ ఆదేశాల ప్రకారం అసలు కొలత కంటే 20 నుంచి 25 శాతం పెద్దగా చెక్కి, సుమారు 1,500 డిగ్రీల వేడిలో కాలుస్తారు. క్యాపు కుంచించుకుపోయి మన పంటి కొలతకు వస్తుంది. ధర మాత్రం ఆ వేడికి వ్యాకోచిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో 8 వేలకు దొరికేది జూబ్లీహిల్స్ ఎక్కేసరికి 20 వేలు దాటినా ఆశ్చర్యపోకూడదు. రెండూ ఒకే ల్యాబులో తయారై ఉండవచ్చునని కొందరు గిట్టనివాళ్లు అంటారు. కొండ ఎక్కితే ఏ వస్తువు ధర ఎక్కదు చెప్పండి?

ముందు పళ్లకు సహజమైన మెరుపునిచ్చే గాజులాంటి పింగాణీ అయిన లిథియం డైసిలికేట్‌ను చిట్టచివరి దవడ పంటికే వేయాలని పట్టుబట్టే రసికులూ ఉన్నారు. ఆ అందాన్ని చూడగల అదృష్టవంతులు ఇద్దరే: దంతవైద్యుడు, ఆవులింత వచ్చినప్పుడు ఎదురుగా కూర్చున్న మేనేజరు.

బంగారం కథ మాత్రం విషాదాంతం. ఎదుటి పంటిని అరగదీయదు, అంచుకు చక్కగా ఒదుగుతుంది. అయినా మనవాళ్లు దాన్ని మెడలో వేసుకుంటారు గాని నోట్లో పెట్టుకోరు. 2025లో పది గ్రాముల ధర లక్ష దాటాక మరీను. ఎన్నికల అఫిడవిట్‌లో దీన్ని ఎక్కడ చూపాలన్న చిక్కు కూడా ఉంది. పన్ను కదులుతుంటే చరాస్తి, గట్టిగా ఉంటే స్థిరాస్తి అనుకోవాలేమో.

అన్నింటికంటే పవిత్రమైనది వారంటీ కార్డు. ఐదేళ్లు, పదేళ్లు, పదిహేనేళ్లు. దాన్ని ఇంటి దస్తావేజుల పక్కన భద్రపరిచి, మటన్‌లో మూలుగ ఎముక వచ్చినప్పుడల్లా తలచుకుని వణుకుతూ పక్కకు నెడతాం. హామీ క్యాపుకే గాని దాని కింది పంటికి కాదన్నది చిన్న విషయం. క్యాపు అంచు సరిగా కుదరకపోతే ఆ సందులో పాచి చేరి పన్ను పుచ్చిపోతుంది. పన్ను ఊడి చేతికొస్తుంది, క్యాపు నిక్షేపంగా ఉంటుంది. కంపెనీ మాట తప్పలేదు. అంచు ఎలా కుదిరిందని డాక్టరును అడగడం మర్యాద కాదు కనుక, ఎన్నేళ్ల వారంటీ అని అడిగి ఊరుకుంటాం.

అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలో ఇదే పని చాలా తక్కువలో అవుతుందని గుర్తుచేసే అమాయకులు ఉండనే ఉన్నారు. నిజమే, కానీ అక్కడ వరుసలో నిలబడాలి, పదే పదే తిరగాలి. పైగా విద్యార్థి పెట్టిన క్యాపును ప్రొఫెసరు వచ్చి, అంచు చుట్టూ సన్నని పరికరం తిప్పి చూసి, కుదరలేదంటే మళ్లీ చేయిస్తారు. కాఫీ కూడా ఇవ్వకుండా అంచులు చూసే చోటికి దర్జా గల మనిషి ఎలా వెళతాడు?