అడగని రొట్టెకూ బిల్లా?

స్పెయిన్‌లోని కోర్డోబాలో మొన్న రోజంతా పైసా పైసా చూసుకుని తిరిగాం. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో ఉదయం ఎనిమిదిన్నరకే వెళ్తే మెస్కితా (ఒకప్పటి మసీదు, ఇప్పుడు చర్చి) చూడటానికి ఓ గంటపాటు టికెట్ కొనక్కర్లేదు. ఎర్ర, తెల్ల కమానులు, 850కి పైగా స్తంభాలు... నోట మాట రాలేదు! రోమన్ వంతెన కూడా ఉచితమే.

భోజనం దగ్గరే కడుపు మండింది. అడగకుండానే రొట్టె బుట్ట పెట్టి, బిల్లులో వేశారు. కుళాయి నీళ్ళు అడిగితే లేవంటూ సీసా తెచ్చారు. హోటళ్ళు కుళాయి నీళ్ళు ఉచితంగా ఇవ్వాలని స్పెయిన్‌లో 2022 నుంచి చట్టమే ఉంది కదా! మన దగ్గర కూర్చోగానే ముందు నీళ్ళ గ్లాసు పెడతారు. ఆ మండుటెండలో గుక్కెడు నీళ్ళకీ డబ్బులు గుంజాలా? భాష రాదని ఇంత అలుసా?