సీసీ ఒక్కటే చూస్తే క్లాస్ తేలదబ్బా

అనంతపురం పక్కన ఎర్రమట్టి నేలలో బైకుల డర్ట్ రేస్ పెట్టినారంటే ట్రాక్ కంటే ముందు గొడవ వచ్చేది క్లాస్ దగ్గరే, అంటే ఏ బండి ఏ గుంపులో దిగాల అన్నదాని దగ్గర. ఎక్స్‌పల్స్ 200 అనే ఫోర్ స్ట్రోక్ బండి తోలే పిలగాడు 'ఆర్ఎక్స్ వాడిది టూ స్ట్రోక్ కదన్నా, పై క్లాసులో పెట్టు' అంటాడు, పాత యమహా ఆర్ఎక్స్ తోలే పిలగాడేమో 'నాది 135 సీసీనే కదన్నా' అంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే, కానీ సీసీ ఒక్కదాంతోనే తూకం వేస్తే ఈ పంచాయితీ తెగేది కాదు.

టూ స్ట్రోక్‌లో క్రాంక్ (ఇంజన్ లోపలి ఇరుసు) తిరిగిన ప్రతి చుట్టుకీ ఒకసారి మంట పడుతుంది, ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకొకసారి. అంటే అదే సీసీకి టూ స్ట్రోక్ బలం ఎక్కువ, అందుకే ఫోర్ స్ట్రోక్‌కి ఎక్కువ సీసీ వదలడం న్యాయమే, కానీ ఎంత వదలాలి అన్నదే అసలు పేచీ. అమెరికాలో బైక్ రేసులు నడిపే సంఘం ఏఎంఏ, 250 టూ స్ట్రోక్ బండ్ల క్లాసులోకి పెద్ద ఫోర్ స్ట్రోక్‌లని రానిచ్చింది, 1998లో డగ్ హెన్రీ అనే రైడర్ ఫోర్ స్ట్రోక్ యమహా వైజెడ్400ఎఫ్ మీద అవుట్‌డోర్ టైటిల్ ఎత్తుకుపోయినాడు. 2001లో ఇంకో ఫోర్ స్ట్రోక్ వైజెడ్250ఎఫ్ వచ్చి 125 టూ స్ట్రోక్‌ల మధ్యన దూరింది, కొన్నేళ్లకే ప్రో రేసుల్లో టూ స్ట్రోక్ దాదాపు మాయం. ఫోర్ స్ట్రోక్ బలహీనంగా ఉన్నప్పుడు ఇచ్చిన సాయం అది, బలం వచ్చినాక తగ్గించాల్సింది. నాకైతే అది కంపెనీలకి కలిసొచ్చిన రూల్ లాగే కనిపిస్తుంది.

మన దగ్గర ఇంకో తంటా ఉంది. ఆర్ఎక్స్100కి బోర్ (సిలిండర్ వెడల్పు) 50 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) కూడా 50, అంటే 98 సీసీ. ఆర్ఎక్స్135కి స్ట్రోక్ అదే 50, బోర్ మాత్రం 58, లెక్క 132 సీసీకి పోతుంది. 100 బండికి 135 బ్లాక్ (సిలిండర్ భాగం) ఎక్కించి, ట్యాంక్ మీద స్టిక్కర్ అట్లే ఉంచితే దూరం నుంచి చూసేవాడికి ఏం తెలుస్తుంది, ఆర్‌సీలో కూడా పాత లెక్కే ఉంటుంది. హెడ్ (ఇంజన్ పైమూత) విప్పి వెర్నియర్ అనే కొలత పరికరం పెట్టి బోర్ కొలిస్తేనే దొంగతనం దొరికేది. దానికి ఒక మెకానిక్కు, ఒక అరగంట చాలు, అయినా చేయరు, ఎందుకంటే గెలిచినోడు ఎవరో ఒకరికి కావాల్సినోడై ఉంటాడు!

బండి సరే, మరి మనిషి? మట్టి ట్రాకుల ప్రపంచ పోటీల్లోని ఎంఎక్స్2 క్లాసులో 23 ఏళ్లు దాటినోళ్లకి చోటు లేదు, కుర్రోళ్లకి అదొక మెట్టు కావాలని. మన దగ్గర బెంగళూరులో ఏళ్ల తరబడి తోలినోడు ఇక్కడికొచ్చి కొత్తోళ్ల క్లాసు అయిన నోవిస్‌లో పేరు రాయించుకుంటే అడిగేవాడు లేడు, పైగా 'పెద్ద రైడర్ వచ్చినాడు' అని సంబరపడతారు. వయసు రూల్ మనకి అక్కర్లేదు గానీ ఒకసారి పోడియం ఎక్కినోడు మళ్లీ నోవిస్‌లో దిగకూడదు అన్న ఒక్క లైన్ ఎంట్రీ ఫారంలో రాస్తే చాలు. ఒక్కో క్లాసులో టూ స్ట్రోక్ ఎన్ని సీసీల వరకు, ఫోర్ స్ట్రోక్ ఎన్ని సీసీల వరకు అన్నది కూడా అందులోనే వేరువేరుగా ఉండాల, క్లాసుకి మొదటి ముగ్గురి బండ్లు విప్పి చూసినాకే ప్రైజ్ డబ్బులు చేతిలో పెట్టాల.